ఆవగింజంత గుంతలు

9 ఏప్రిల్ 1994, శనివారం

మళ్ళా గుంతలు. ఇది మూడో బండి.

తెల్ల పికప్పు డోరుకు ఆఖరి కోటు కొడతా ఉంటే, స్ప్రే గన్ను ఇంకా చేతిలో ఉండంగానే, నా కండ్ల ముందరే పెయింటు అక్కడక్కడ పక్కకు జరిగి ఆవగింజంత గుంతలు పడినాయి. కోపం తర్వాత వచ్చింది. ముందు మాత్రం ఇదేందబ్బా అనుకుంటా మోకాళ్ల మీద కూచోని, ముక్కు తగిలేంత దగ్గరికి పోయి చూసినా. ఒక్కో గుంత ఎంత గుండ్రంగా ఉండాదో. అడుగున మొదటి పూత ప్రైమరు కనపడతాది. కావాలని పెట్టమన్నా నేను అంత గుండ్రంగా పెట్టలేను.

ఇరవై ఏండ్ల సర్వీసు నాది. ప్రొద్దుటూరులో లారీలకు కొట్టినా, ఈ ఒమాన్ దేశం సువైక్‌లో ఆరేండ్ల నుంచి కార్లకు కొడతా ఉండా. నా పని చూసి సొహార్ నుంచి గూడా బండ్లు వస్తాయి. అట్లాంటి నాకు ఈ కర్మ ఏంది?

మజహర్ భాయ్ అయితే "హో జాతా మియా", అట్ల అయితా ఉంటాదిలే అని నవ్వి పోయినాడు. ఆయనకేం, పుట్టీ పెట్టి రుద్దితే ఆయన పని అయిపోతాది. గుంత పడితే తిట్లు తినేది రంగు కొట్టే నేను. ఈ షెడ్డులో ఉండేది మేమిద్దరమే, వెనక రూములో పడుకునేదీ మేమిద్దరమే.

11 ఏప్రిల్, సోమవారం

కంప్రెసర్ ట్యాంకు విప్పి నీళ్లన్నీ వదిలినా. గ్లాసుడు వచ్చినాయి, తుప్పు రంగులో. గాలిలో కలిసి రంగును చెడగొట్టే దొంగ దొరికినాడు అనుకున్నా. డోరంతా గీకి మళ్ళా కొట్టినా. మళ్ళా గుంతలు.

ఒకటి మాత్రం బాగుంది. రంజాన్ అయిపోయినాక క్లినిక్‌లో మేరీకుమారి సిస్టర్ ఇచ్చిన కొత్త క్రీము బాగా పని చేస్తాండాది. రంగులో కలిపే థిన్నరుకు పగిలిపోయిన చేతులు పూడినాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పూస్తా. పెయింటరుకు కన్ను కంటే అరచెయ్యి ముఖ్యం. ఆఖరి కోటుకు ముందు బండంతా అరచేత్తో నిమురుతా నేను. వెంట్రుకంత గీత ఉన్నా దొరికిపోతాది. ఈ వరస షెడ్లలో నన్ను ఉస్తాద్ అనేది దీనికే.

15 ఏప్రిల్, శుక్రవారం

మజహర్ భాయ్ జుమ్మా నమాజు అయినాక అట్నుంచి అటే బజారుకు పోయినాడు. నేను షెడ్డుకు వచ్చి తలుపు మూసి పరీక్షలు పెట్టినా. ఎవరన్నా చూస్తే ఈయప్పకు పిచ్చి పట్టింది అనుకుంటారు. పట్టిందేమో.

ఎనిమిది రేకు ముక్కలు కత్తిరించి, తీగకు వేలాడదీసినా. ఒకదానికి పాత డబ్బా థిన్నరు, ఒకదానికి కొత్త డబ్బాది. ఒకదాన్ని న్యూస్ పేపరుతో తుడిచినా, అచ్చు సిరా ఏమన్నా చేస్తాదేమోనని. ఒకదాన్ని మలబారీ హోటలు వైపు కిటికీలో పెట్టినా, వాళ్లు పరోటాలు కాల్చే పొగ తగలాలని. ఒకదాన్ని సముద్రం గాలికి పెట్టినా. ఇట్ల ఎనిమిదింటికి ఎనిమిది రకాలు. రేకు ముక్కలే కదా, నిమిరి చూసే పని గూడా లేదు, వరసగా కొట్టుకుంటా పోయినా.

ఎనిమిదీ అద్దాలే. ఒక్క గుంత లేదు.

సంతోషపడాలో ఏడవాలో తెలీలేదు. ఇంత బాగా కొట్టిన ఎనిమిది రేకులు ఎవరికి కావాలి? కానీ ఒకటి తేలింది. గన్ను మంచిదే, థిన్నరు మంచిదే, గాలి మంచిదే. రేకులకు పట్టని రోగం కార్లకే పట్టింది. రేకులకూ కార్లకూ తేడా ఏముంది? రేకులను మజహర్ భాయ్ ముట్టుకోలేదు.

ఆయన తలకు కొబ్బరినూనె పెడతాడు. శానా పెడతాడు. నూనె ఉన్న కాడ రంగు నిలబడదు.

19 ఏప్రిల్, మంగళవారం

నీలం కారు చక్రం పైన రెక్క మీద గుంతలు. మజహర్ భాయ్ తల దగ్గర నిలబడి వాసన చూసినా. "క్యా హై మియా" అన్నాడు. ఏం లేదన్నా.

21 ఏప్రిల్, గురువారం

అర్బాబ్ హమూద్ వచ్చినాడు. షెడ్డు ఆయనది, మా వీసాలు ఆయనవి. ఎనక ఒక బండి మీద వాళ్ల నాయన బెంజ్ కారు ఎక్కించుకోని వచ్చినాడు. 78 మోడలు, ముదురు ఆకుపచ్చ. ఎండకు పైకప్పు తెల్లగా పొడిపొడి అయింది, తలుపుల కింద తుప్పు. ఆ పెద్దాయన పోయి రెండేండ్లు. ఇప్పుడు వాళ్లమ్మ బక్రీద్‌కు నిజ్వాలో ఉండే పుట్టింటికి పోతా, ఆ కారులోనే పోతా, ఆయన కొన్ననాడు ఎట్ల ఉండెనో అట్లనే ఉండాలి అందంట. డిక్కీ మూత లోపలి వైపు రంగు ఎండ చూడలేదు కదా, కొత్తదాని మాదిరి మెరుస్తాంటే చెయ్యి పెట్టి శానాసేపు చూసినా. ఆ పచ్చ కలపాలంటే మజా ఉంటాది.

అది చూస్తా ఉంటే అర్బాబ్ నన్ను పక్కకు పిలిచినాడు. నాలుగు బండ్లు పాడైనాయి, జనం వెనక్కి తెస్తాండారు, మీ ఇద్దరిలో ఎవరి చేతిలో ఉండాది తప్పు అని అడిగినాడు. హిందీ, అరబ్బీ కలిపి మెల్లగానే అడిగినాడు, ఆయనకు కోపం తక్కువ.

మజహర్ తలకు నూనె పెడతాడు అన్నా. అంతే అన్నా. ఇంకొక్క మాట అనలేదు. అబద్ధమా ఏమన్నానా, నిజంగానే పెడతాడు.

అర్బాబ్ జేబులో నుంచి ఒక కాగితం తీసి, చూసి, మళ్ళా మడిచి పెట్టుకున్నాడు. మజహర్ వీసా మే 31తో అయిపోతాది, సంతకం పెడదామని తెచ్చినా, ఈ కారు అయినాక చూద్దాంలే అన్నాడు. మజహర్ భాయ్‌కు యాభై మూడు. ఈ వయసులో పంపిస్తే ఇంకో వీసా ఎవడిస్తాడు? హైదరాబాదులో ఆయన భార్య సుగ్రా బేగం వదిన, ఆరు నోర్లు ఈయన పంపేదాని మీదనే ఉండారు.

అర్బాబ్ మంచోడే. పెడతాడులే సంతకం.

23 ఏప్రిల్, శనివారం

మజహర్ భాయ్ గుండు కొట్టించుకున్నాడు.

పొద్దున కనపడలేదు, ఎనిమిదిన్నరకు వచ్చినాడు. నేను గుర్తుపట్టలేదు, ఎవరో గిరాకీ అనుకుని సలాం చెప్పినా. భుజాల దాకా జుట్టు ఆయనకు, శుక్రవారం శుక్రవారం మెహందీ పెట్టి, అద్దం ముందర అరగంట దువ్వేవాడు. దాన్నంతా బలూచీ మంగలి దగ్గర తీయించేసి, గిన్నెలు తోమే పౌడరుతో తల మూడుసార్లు కడుక్కున్నాడంట. నెత్తి ఎర్రగా పొక్కింది.

ఎవడో అర్బాబ్ చెవిలో నూనె మాట వేసినాడు మియా, టైర్ల షాపోడే అయ్యుంటాడు అన్నాడు. జుట్టు లేకుంటే నూనె లేదు కదా, ఇప్పుడు చూడమను అన్నాడు. నేను పుట్టీ డబ్బా మూత తీయడంలో మునిగిపోయినా. వరస షెడ్లలోల్లందరూ ఏదో పని పెట్టుకోని వచ్చి ఆ గుండు చూసి పోయినారు. సీట్లు కుట్టే పఠాన్ అయితే నెత్తి మీద తబలా వాయించినాడు. మజహర్ భాయ్ గూడా నవ్వినాడు. నవ్వక ఏం చేస్తాడు.

24 ఏప్రిల్, ఆదివారం

బెంజ్ బానెట్ రుద్దడం అయింది. తల మీద తువ్వాలు గట్టిగా కట్టుకోని, ఊపిరి గూడా పక్కకు తిప్పి వదుల్తా రుద్దినాడు ఆయన. ఇంత నున్నగా ఎవరూ రుద్దలేరు, ఆ మాట మాత్రం చెప్పాల. నిమిరి చూసినా, ఎంత వెతికినా ఒక్క గీత లేదు. కొట్టినా.

గుంతలు.

దిండుకు నూనె ఉంటాది కదా. ఏడేండ్ల దిండు అది. చొక్కా కాలరుకు ఉంటాది. జుట్టు తీస్తానే నూనె పోతాదా.

అర్బాబ్‌కు అదే చెప్పినా. మజహర్‌ను కార్లు ముట్టుకోవద్దు, వాకిలి ఊడ్చు, సామాన్లు సర్దు అని చెప్పి పోయినాడు.

28 ఏప్రిల్, గురువారం

పుట్టీ నేనే, రుద్దడం నేనే, రంగు నేనే. చేతులు రెండూ మళ్ళా పగలబోతాండాయి, రోజుకు నాలుగుసార్లు పూస్తాండా. ఇయ్యాల ఎడమ వైపు తలుపుల మీద గుంతలు ఇంతకుముందు కంటే ఎక్కువ పడినాయి.

గాలి. ఈ నెలలో సముద్రం గాలి మారుతాది.

30 ఏప్రిల్, శనివారం

గాలి కాదు. గాలి అయితే రేకుల మీద గూడా పడాల. రాత్రంతా సముద్రం గాలికి పెట్టి మళ్ళా నాలుగు రేకులు కొట్టినా, నాలుగూ అద్దాలే. నాకు నిజంగానే తిక్క లేస్తాండాది. ఎందుకు, ఎందుకు, ఎందుకు. అన్నం తింటా గూడా ఇదే. మజహర్ భాయ్ నా పళ్లెంలో ఆమ్లెట్టు వేస్తా, ఉస్తాద్ నువ్వు మనిషివి చిక్కిపోతాండావు అన్నాడు.

2 మే, సోమవారం

దొరికింది.

బానెట్ మళ్ళా కొట్టినా, మళ్ళా పడినాయి. గన్ను కింద పెట్టేసి, పైన కట్టిన టార్పాలిన్ తాడు ఊడితే కడదామని స్టూలు ఎక్కినా. పైనుంచి చూస్తే గుంతలు చెల్లాచెదురుగా లేవు. ఇన్నాళ్లూ ముక్కు ఆనించి ఒక్కో గుంతను చూసినా గానీ, దూరం నుంచి చూసిందే లేదు. వంకలు వంకలుగా, ఐదైదు గీతలుగా బానెట్ అంతా పోయినాయి. నడుమన ఒక చోట గీతలు గూడా కాదు, నిలబడిపోయినట్టు ఒక వెడల్పు మచ్చ, దాని నుంచి ఐదు కొమ్మలు. కుడిచేత్తో నిమిరేటప్పుడు ఎడమచెయ్యి నేను ఆనుకునేది అక్కడే.

దిగి, ఆ మచ్చ మీద జానెడు ఎత్తున నా ఎడమచెయ్యి పెట్టినా. సరిపోయింది. ప్రొద్దుటూరులో లారీ తలుపు పడి నా ఉంగరం వేలు వంకర పోయింది. గుంతల్లో ఉంగరం వేలు గూడా వంకరే.

చెయ్యి వెనక్కి తీసుకోని, జేబులో పెట్టుకోని, షెడ్డు బయటికి పోయి నిలబడినా. మజహర్ భాయ్ వాకిలి ఊడుస్తాండాడు.

3 మే, మంగళవారం

మధ్యాహ్నం షెడ్డు మూసినాక క్లినిక్‌కు పోయినా. మేరీకుమారి సిస్టర్‌ది పాలకొల్లు వైపు, మజహర్ భాయ్‌తో అంతా ఉర్దూనే, నాతో తెలుగు మాట్లాడే మనిషి ఇక్కడ ఆమె ఒక్కతే. క్రీము ట్యూబు మీది సన్న అక్షరాలు చదివి పెట్టమన్నా.

"ఇందులో సిలికాన్ అని ఉంటుంది అన్నయ్యా. పొరలాగా చర్మం మీద నిలబడిపోతుంది. థిన్నరుని లోపలికి రానివ్వదు, అందుకే మీకు రాశారు డాక్టరు గారు."

థిన్నరును రానివ్వనిది రంగును మాత్రం రానిస్తాదా సిస్టర్ అన్నా. ఆమెకు అర్థం కాలేదు. బుక్కు తిరగేసి నాకు ఇది ఎప్పుడు ఇచ్చినారో చూడమన్నా. మార్చి 28. మొదటి గుంత పడింది ఏప్రిల్ నాలుగున.

తెలిసినందుకు లోపల ఒక రకంగా సంతోషం గూడా అయింది, దాచేదేముంది. నెల రోజులు నన్ను ఏడిపించిన దాని పేరు తెలిసింది. అంతలోనే గుండు గుర్తొచ్చింది, తల కొట్టేసినట్టయింది. క్రీము మానేస్తే చేతులు మళ్ళా పగుల్తాయి, మానకండి, గ్లౌజులు వేసుకోండి అని సిస్టర్ చెప్తానే ఉంది. గ్లౌజు వేసుకుంటే అరచేతికి ఏం తెలుస్తాది.

4 మే, బుధవారం

క్రీము పూయలేదు. చేతులు సోడాతో కడిగినా. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

7 మే, శనివారం

బానెట్, పైకప్పు, నాలుగు తలుపులు. మొత్తం అద్దం. ఆ ఆకుపచ్చలో మసీదు మినారు గూడా కనపడింది. ఆరేండ్లలో ఇంత మంచి పని చేయలేదు నేను.

అర్బాబ్ కారు చుట్టూ మూడుసార్లు తిరిగినాడు. వాళ్ల నాయన దిగి వచ్చినట్టు ఉందని అన్నాడు, కండ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా భుజం తట్టి, చూసినావా, ఆ మనిషిని తీసేస్తానే రోగం పోయింది అన్నాడు. ఆ తర్వాత పడిన గుంతలను ఎవరూ చూడకముందే నేను గీకేసినా కదా. పండగ అయినాక మజహర్‌కు టికెట్ తీస్తా అన్నాడు.

నేను ఏమీ అనలేదు. అనకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు కదా.

పై మాట అబద్ధం. తలూపినా. ఇక్కడ గూడా నాకు నేనే కతలు చెప్పుకుంటే ఇంక ఈ పుస్తకం దేనికి.

8 మే, ఆదివారం

మధ్యాహ్నం రూములో మజహర్ భాయ్ మంచం మీద కూచోని తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసుకుంటాండాడు. ఏందని అడిగినా.

"ముప్పై ఏండ్లు ఈ చేతులతోనే చేసినా మియా. ఇప్పుడు వీటిల్లో ఏదో చేరింది. నేను ముట్టుకోకపోతేనే బండి బాగైందంటే, తప్పు నాదే కదా. ఏం చేసినానో నాకే తెలీకపాయె, అదే బాధ. నీ చెయ్యి మంచిది, రవ్వంత వాసన చూసి చెప్పు."

చేతులు నా ముందరికి చాపినాడు. చూసినా వాసన. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కడుపులో తిప్పుతాందని చెప్పి బయటికి పోయినా. ఆయన ఎనకనే వచ్చి నిమ్మకాయ నీళ్లు ఇచ్చినాడు.

నేను పోకిరోణ్ణి, తిక్కోణ్ణి, ఒప్పుకుంటా. ఇంత నీచుణ్ణని మాత్రం ఇప్పుడే తెలిసింది.

10 మే, మంగళవారం

అర్బాబ్‌కు చెప్పేసినా. ఆయన ఖర్జూరం తోట దాకా పోయి, చెట్ల కింద నిలబెట్టి, ట్యూబు చూపించి, గుంతలు నా చేతివే, మజహర్‌వి కాదు అని చెప్పినా.

నవ్వినాడు. మీ హిందీ మనుషులు, ఇండియావోళ్లు, ఒకరి కోసం ఒకరు ఏమన్నా చెప్తారు, నాకు తెలుసు అన్నాడు. చేతికి మందు పూసుకుంటే కారు పాడవుతాదా, నన్ను చిన్నపిల్లోణ్ణి చేస్తావా అన్నాడు. ఖహ్వా కాఫీ తాగించి పంపించినాడు. నిజం చెప్తే నమ్మలేదు, నూనె మాట ఒక్కటి చెప్తే నమ్మినాడు.

12 మే, గురువారం

బెంజ్‌కు డిక్కీ మూత ఒక్కటే మిగిలింది. దాన్ని స్టాండు మీద పెట్టి, అర్బాబ్‌ను రమ్మని కబురు పంపినా. మజహర్ భాయ్‌ను గూడా చీపురు పెట్టేసి రమ్మన్నా. పాత రేకు మీద చేయొచ్చు, కానీ పాత రేకు మీద ఏం చేసినా అర్బాబ్ నమ్మడు. వాళ్ల నాయన కారు మీద చేస్తేనే కన్ను పెట్టి చూస్తాడు.

ఇద్దరి ముందరా ట్యూబు పిండి ఎడమచేతికి పూసుకున్నా. తుడిచి పెట్టిన మూత నడుమన చెయ్యి ఆనించి పది లెక్కపెట్టి తీసినా. చూస్తే ఏమీ లేదు, మూత శుభ్రంగానే ఉండాది. అర్బాబ్ తల అడ్డంగా ఊపినాడు. గన్ను తీసుకోని కొట్టినా.

పచ్చ రంగు మూతంతా పరుచుకునింది, నా చెయ్యి ఉన్న కాడ మాత్రం పరుచుకోలేదు. ఒక్కో గుంతా తెరుచుకుంటా, ముందు అరచెయ్యి, తర్వాత వేళ్లు, మెల్లగా వచ్చినాయి. ఇంత గుబులులో గూడా నేను వంగి చూస్తానే ఉండా, సిగ్గు లేదు నాకు. అర్బాబ్ గూడా వంగినాడు. వంకర వేలు చూసి, నా చెయ్యి పట్టుకోని తిప్పి చూసి, మళ్ళా మూతను చూసినాడు.

"మరి నూనె అని నాకెందుకు చెప్పినావు?" అన్నాడు, మజహర్ భాయ్ ముందరే.

మజహర్ భాయ్ నా మొహంలోకి చూసినాడు.

"టైర్ల షాపోడు కాదా? నువ్వేనా?"

"నేనే భాయ్."

ఆయన చెయ్యి తనకు తానే నెత్తి మీదకు పోయింది. పావు అంగుళం వచ్చింది జుట్టు, అంతా తెలుపే. అర్బాబ్ జేబులో వీసా కాగితం తీసి, అక్కడే బానెట్ మీద పెట్టబోయి, కొత్త రంగని గుర్తొచ్చి, నా వీపు మీద పెట్టి సంతకం చేసి మజహర్ భాయ్‌కు ఇచ్చినాడు. నా సంగతి పండగ అయినాక చూస్తా అన్నాడు. మూత సోమవారం లోపల కావాల అన్నాడు.

మజహర్ భాయ్ కాగితం మడుచుకోని బయటికి పోయినాడు. రాత్రి వంట చేయలేదు. చేసేది ఆయనే.

14 మే, శనివారం

పొద్దున్నే మూత గీకుదామని పోతే, మజహర్ భాయ్ దాని ముందర నిలబడి అప్పుడే వద్దు అన్నాడు. నిన్నంతా నాతో మాట్లాడని మనిషి, ఇదే మొదటి మాట.

పోయి టైర్ల షాపోణ్ణి పిలుచుకొచ్చినాడు. పఠాన్‌ను పిలుచుకొచ్చినాడు. రేడియేటర్లోల్లు, అద్దాలోల్లు, మలబారీ హోటల్లో పరోటా కాల్చేవాడు. ఒక్కొక్కరికీ మూత చూపించి, ఇది మన ఉస్తాద్ చెయ్యి, నా జుట్టు కాదు అని చెప్పినాడు. టైర్ల షాపోడికి మాత్రం, నీ మీద అనుమానపడినా, మాఫ్ చెయ్యి అన్నాడు. కొందరు నవ్వినారు, కొందరు నన్ను చూసి నేల చూసినారు. పఠాన్ నా చెయ్యి ఎత్తి గుంతల మీద పెట్టి కొలిచినాడు. నేను గోడకు ఆనుకోని అందరూ పోయేదాకా నిలబడినా. పోతే బాగుండదని నాకు తెలుసు.

అందరూ పోయినాక, తడిపి రుద్దే వాటర్ పేపరు తెచ్చి నా చేతిలో పెట్టినాడు.

"నీ చెయ్యి నువ్వే తీసెయ్యి."

రుద్దడం మొదలుపెట్టినా. ఆయన క్యాను పట్టుకోని పక్కన నిలబడి, పేపరు ఎండకుండా నీళ్లు పోస్తాండాడు. పది దినాలు క్రీము లేక నా వేళ్ల సందులన్నీ చీలిపోయినాయి, ఆ నీళ్లు తగిలితే ప్రాణం పోతాది. మూత మీద అరచెయ్యి పోయింది, నాలుగు వేళ్లు పోయినాయి. మంట తట్టుకోలేక రవ్వంత ఆగు భాయ్ అన్నా.

ఆయన ఆగలేదు. వంగి మూతను చూసి, బొటనవేలు ఇంకా ఉండాది, రుద్దు అన్నాడు.

రుద్దినా.